దిండు వచ్చేవాళ్ళకి, దుప్పటి పడుకునేవాళ్ళకి

తెల్లదుప్పటి తప్ప మరొకటి ఎరగని అత్తగారి తలను గళ్ళ దిండు మీదికి చేర్చడం గళ్ళ పిల్ల సాధించిన మొదటి ఘనకార్యం. వినేవాళ్ళకి ఇంతేనా అనిపిస్తుంది. ఆ అత్తగారు ఎవరో తెలిసినవాళ్ళకి అలా అనిపించదు. ఆవిడ పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఆ మూడు కాళ్ళూ కూడా తెల్లగానే ఉండాలి.

వేసవి వచ్చిందంటే ఆ ఇంట్లో మంచాలన్నీ ఆస్పత్రి మంచాలైపోయేవి. పరుపు మీద తెల్లదుప్పటి, దిండుకి తెల్ల గలీబు, కప్పుకోవడానికి ఇంకో తెల్లదుప్పటి. "ఎండాకాలం రంగులు చూస్తేనే ఒళ్ళు మండుతుంది" అన్నది అత్తగారి సిద్ధాంతం. ఆ సిద్ధాంతం ఉన్న ఇంటికి ఈ కోడలు వచ్చింది. సంచీ గళ్ళు, చేతిరుమాలు గళ్ళు, తల తుడుచుకునే తువ్వాలు గళ్ళు. వీధిలో వాళ్ళు వారం తిరక్కుండానే గళ్ళ పిల్ల అని పేరు పెట్టేశారు. ఇప్పుడు ఆ పిల్లకి నలభై దాటాయి. పేరుకి మాత్రం వయసు రాలేదు.

"అత్తయ్యా, ఒక్క మంచానికి గళ్ళ దుప్పటి వేసి చూద్దామా?" అని అడిగింది మొదటి వేసవిలో.

"ఎందుకే, చదరంగం ఆడుకోవడానికా?" అన్నారు అత్తగారు.

ఇంకొకతె అయితే అలిగేది, లేకపోతే మొగుడితో చెప్పించేది. ఈమె ఆ రెండూ చేయలేదు. వేసవిలో ప్రతి మనిషీ చేసే పని ఒకటి ఆమె కనిపెట్టి ఉంచుకుంది. పడుకున్న కాసేపటికి దిండు వేడెక్కుతుంది. అప్పుడు కళ్ళు కూడా తెరవకుండా దిండుని తిరగేసి, చల్లటి వైపు బుగ్గ ఆనించి మళ్ళీ నిద్రపోతారు. రాజైనా అంతే, కూలివాడైనా అంతే. కోడలు అత్తగారి దిండుకి ఒక గలీబు కుట్టింది. పైవైపు మల్లెపువ్వంత తెలుపు. అడుగువైపు లేతాకుపచ్చ గళ్ళు. అంతే, నోరు మూసుకుని కూర్చుంది.

తెలుపు మీద పడుకున్న అత్తగారు పొద్దున గళ్ళ మీద లేవడం మొదలైంది. మొదటి రోజు ఆవిడ దిండుని కోపంగా తిప్పి పెట్టారు. మర్నాడూ తిప్పి పెట్టారు. ఆ వారమంతా తిప్పుతూనే ఉన్నారు. ఆఖరికి దిండు చంకలో పెట్టుకుని వంటింట్లోకి వచ్చారు.

"ఏమే, ఇదెక్కడి మాయ? రోజూ నన్ను గళ్ళ మీదికి ఎవరు తోస్తున్నారు?"

"నేనేం చేశానత్తయ్యా? తిప్పుకుంటున్నది మీరేగా!"

అత్తగారికి నవ్వాగలేదు. అయినా పెద్దరికం అడ్డొచ్చింది. "సరే, దిండు దాకానే. దుప్పటి జోలికి వచ్చావంటే చూడు" అని గట్టిగా చెప్పి వెళ్ళిపోయారు. ఆ వేసవి ముగిసేలోపల దుప్పటి కూడా వచ్చింది. అది ఎలా వచ్చిందో అడిగితే అత్తగారు ఇప్పటికీ మాట మార్చేస్తారు.

ఆ ఇంట్లో కోడలు నేర్చిన విద్య అంతా ఇంతా కాదు. మొదట్లో ఆమె కూడా తప్పులు చేసింది. బస్సు నడిపే భర్త రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రపోతాడు కదా అని ఆయన మంచానికి ఎర్రచారల దుప్పటి వేసింది. సాయంత్రం ఆయన కళ్ళు నలుపుకుంటూ లేచి, "నిద్రంతా రెడ్ సిగ్నల్ దగ్గర ఆగిపోయినట్టే ఉందే" అన్నాడు. ఆ రోజు నుంచి పగటి నిద్రకి నీలం, బూడిద రంగులు తప్ప దేన్నీ దగ్గరికి రానివ్వలేదు. ఇంకోసారి, కనిపించిన పూలన్నీ అందంగా ఉన్నాయని మూడు రకాల పెద్ద పూలు ఒకే మంచం మీద వేసింది. అత్తగారు గుమ్మంలోనే నిలబడిపోయారు. "మంచం మీద సంత జరుగుతోందే! ఇందులో నాకు చోటెక్కడ?"

అక్కడి నుంచే ఆమె సూత్రం పుట్టింది. మంచం కూడా ఒక సంసారమే. ఒక పెద్ద, ఒక నడిపి, ఒక చిన్న ఉండాలి గాని ఒకే ఇంట్లో ముగ్గురు పెద్దలుంటే వేగడం కష్టం. పెద్ద పువ్వు ఒకటి ఉంటే, దాని పక్కన నడిపి గళ్ళు, చిన్నదిగా సన్నచార. ఈ ముగ్గురూ కొట్టుకోకుండా ఉండాలంటే ముగ్గురికీ చుట్టమైన రంగు ఒకటి కావాలి. పువ్వులో ఆకుపచ్చ ఆకు ఉంటే, గళ్ళలో ఆ పచ్చ ఒక గీతైనా ఉండాలి, చారలో ఒక పోగైనా ఉండాలి. చుట్టరికం ఉన్నచోట సర్దుబాటు దానంతట అదే వస్తుంది.

పువ్వుల విషయంలో ఇంకో చిక్కు ఉంది. దాన్ని కనిపెట్టిన ఘనత అత్తగారిది. ఈ మాట ఆవిడ ఎవరు వచ్చినా ముందు చెబుతారు. కాడలున్న పువ్వుల దుప్పటి మొదటిసారి కప్పుకున్నప్పుడు ఆవిడ కాళ్ళకేసి చూసి గట్టిగా కేకేశారు.

"అమ్మాయ్! పూలన్నీ గబ్బిలాల్లా వేలాడుతున్నాయేంటే?"

కోడలు పరుగున వచ్చింది. గుమ్మంలోంచి చూస్తే పూలు చక్కగా నిలబడే ఉన్నాయి. అత్తగారి పక్కన వాలి చూస్తే నిజంగానే తలకిందులు. అందరూ దుప్పటిని నిలబడి పరుస్తారు, నిలబడే మెచ్చుకుంటారు. పడుకునే మనిషి వైపు నుంచి చూసేవాళ్ళు లేరు. గళ్ళకి తలా తోకా లేవు కాబట్టి ఎటు పరిచినా ఒకటే. పువ్వుకి అలా కాదు. "కప్పుకునేది నేనా, గుమ్మమా?" అని అత్తగారు అడిగారు. ఆ ఇంట్లో అప్పటినుంచి పూల దుప్పటి పడుకునేవాళ్ళ కోసమే పూస్తోంది.

ఈ విద్యతోనే ఆమె బజారులోని బట్టల కొట్టులో పనికి కుదిరింది. మెట్ల కింద ఒక మూల ఇచ్చారు. అంతకుముందు కొట్టాయన దుప్పట్లని ఇటుకల్లా పేర్చి అమ్మేవాడు. మడత విప్పమంటే ప్రాణం పోయినట్టు చేసేవాడు.

"విప్పితే మాసిపోతుందమ్మా!"

"మడతలో ఉన్న దుప్పటీ, మూతి ముడుచుకున్న మనిషీ ఒకటే బాబాయ్‌గారూ. విప్పితేగాని మంచీ చెడూ తెలీవు" అంది. ఇంట్లో వాడకుండా పడి ఉన్న ఇనపమంచాన్ని రిక్షాలో వేయించుకొచ్చి మెట్ల కింద వేసింది. పొద్దున ఒక రకం పక్క, మధ్యాహ్నం ఇంకో రకం పక్క పరిచేది. చీరలకని వచ్చినవాళ్ళు కూడా ఆ మంచం దగ్గర ఆగేవారు. ఒకే గదిలో పడుకునే అక్కాచెల్లెళ్ళు ఒకరికి పూలే కావాలని, ఇంకొకరికి చారలే కావాలని కొట్టు మధ్యలో జుట్లు పట్టుకోబోయారు. ఆమె అక్కకి పూల దుప్పటి మీద చారల దిండు, చెల్లికి చారల దుప్పటి మీద పూల దిండు ఇచ్చి పంపింది. రెండు మంచాలూ పక్కపక్కన వేస్తే ఒకదానికొకటి బంధువుల్లా ఉన్నాయట. వాళ్ళ అమ్మ వచ్చి మరీ చెప్పి వెళ్ళింది. ఇలాంటివి చెప్పుకుంటూ పోతే పొద్దుపోతుంది.

అన్నీ ఇలా సాగుతుండగా ఈ ఏడాది వేసవి మొదట్లో కొట్టాయన ఆమెను పిలిచి, తల గోక్కుంటూ చెప్పాడు.

"అమ్మా, మెట్ల కింద మూలలో సూట్‌కేసులు పెడదామని మా అల్లుడు గోల పెడుతున్నాడు. కొండ మీద పెద్ద టీచరమ్మ గెస్ట్‌హౌస్ ఉంది చూడు, వేసవికి గదులన్నిటికీ కొత్త పక్కలు వేయించాలంటోంది. ముందు ఒక గది చూపించమంది. ఆ గది ఆవిడకి నచ్చిందా, ఇల్లంతా నీదే. ఇక్కడ మూలా నీదే, పైన నీ పేరుతో బోర్డు కూడా పెట్టిస్తాను. నచ్చలేదా, ఇంక అల్లుడి నోటికి తాళం వేయడం నావల్ల కాదు."

ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పినప్పుడు కోడలు నవ్వుతూనే చెప్పింది. అత్తగారికి మాత్రం ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే అలవాటు. ఆ నవ్వు కింద ఏముందో తెలిసిపోయింది. ఆ మూల పోతే ఈ పిల్ల మళ్ళీ వంటింట్లో గళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటుంది. "నేనూ వస్తాను" అన్నారు.

"మీరెందుకత్తయ్యా, ఎండలో?"

"దుప్పటి ఒక్కదానివే పరుస్తావా?"

దుప్పటికి నాలుగు మూలలు, మనిషికి రెండు చేతులు. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఏ దుప్పటి పరిచినా రెండు మూలలు కోడలివి, రెండు మూలలు అత్తగారివి.

పెద్ద టీచరమ్మ బడిలో హెడ్మిస్ట్రెస్‌గా పనిచేసి వచ్చిన మనిషి. పలక మీద గీసిన గీతలా నిటారుగా ఉంటుంది. చూపించిన గది చిన్నదే. గుమ్మానికి ఎదురుగోడకి మంచం తల ఆనించి ఉంది. పడమటి వైపు ఒక కిటికీ. గోడలకి లేత నీలం సున్నం.

కోడలు మూటలు విప్పలేదు. కుర్చీ లాక్కుని కిటికీ దగ్గర కూర్చుంది.

"పని మొదలుపెట్టవేమమ్మా?" అంది టీచరమ్మ.

"ఎండ రానివ్వండమ్మా. ఈ గదికి అసలు యజమాని ఆయనే."

మధ్యాహ్నం వాలాక ఎండ కిటికీలోంచి లోపలికి జారింది. కొట్టులో వెన్నలా కనిపించిన మీగడ రంగు దుప్పటిని కోడలు ఆ వెలుగులో పట్టుకుని చూసింది. అది కామెర్లు వచ్చినట్టు పచ్చబడింది. "నువ్వు వద్దులే నాయనా" అని దాన్ని మడిచి పక్కన పెట్టేసింది. తెలుపు మీద సన్న ఆకుపచ్చ గళ్ళున్న దుప్పటిని పరుపు మీదికి తీసింది. అత్తగారు రెండు మూలలు పట్టుకున్నారు. ఒక్క విదుపుకి దుప్పటి గాలి పోసుకుని మెల్లగా దిగింది. దిండ్లకి ఆకుపచ్చ, తెలుపు సన్నచారల గలీబులు. కప్పుకోవడానికి పెద్ద పెద్ద నీలం పూలు, పొడుగాటి కాడలు, ప్రతి కాడకీ రెండు పచ్చటి ఆకులు. పెద్ద, నడిపి, చిన్న, ముగ్గురికీ చుట్టంగా ఆకుపచ్చ. ఎండ ఉన్నా గదిలో చెట్టునీడ పడినట్టయింది. అత్తగారి మనసు తేలికపడింది.

టీచరమ్మ గుమ్మంలోకి వచ్చి చూసింది. కళ్ళజోడు సర్దుకుంది. తల ఒక పక్కకి వంచింది.

"రంగులు బాగున్నాయమ్మా. కాని ఇదేంటి? పూలన్నీ తలకిందులుగా వేశారు. తిప్పి వేసెయ్యండి."

అత్తగారికి తన కేక గుర్తొచ్చింది. గబ్బిలాలన్నది తను. గుమ్మమా, నేనా అన్నది తను. ఇప్పుడు తన మాట పట్టుకున్నందుకే పిల్ల చేతిలో ఉన్న కొట్టు మూల జారిపోయేలా ఉంది. తిప్పి వేయడానికి ఎంతసేపు? నాలుగు మూలలు పట్టుకుని అటుది ఇటు చేస్తే అయిపోతుంది. కోడలి వైపు చూసి, తిప్పేద్దాం అన్నట్టు సైగ చేశారు. ఆ పిల్ల చూసీ చూడనట్టు ఊరుకుంది.

"తిప్పుతానమ్మా" అంది కోడలు మెల్లగా. "తిప్పేముందు ఒక్కసారి పడుకుని చూడండి. అప్పుడు కూడా తిప్పమంటే మాట్లాడకుండా తిప్పేస్తాను."

"నన్నా? పగలు పడుకునే అలవాటు నాకు లేదు" అంది టీచరమ్మ, బడిగంట కొట్టినట్టు.

"నాకుంది" అన్నారు అత్తగారు.

అని, చెప్పులు విడిచి, మంచమెక్కి, దిండు మీద తల ఆనించి, పూల దుప్పటి నడుం దాకా లాక్కున్నారు. ఆవిడ ఉద్దేశం ఒక్కటే. పడుకుని చూస్తే పూలు ఎలా నిలబడి ఉన్నాయో నాలుగు మాటలు చెప్పి లేచిపోవాలి. "చూడండమ్మా, ఇక్కణ్ణించి చూస్తే నా కాళ్ళ దగ్గర తోట మొలిచినట్టుంది. కాడలన్నీ..." అని మొదలుపెట్టారు. కాడల దగ్గరే మాట ఆగిపోయింది. బస్సు ప్రయాణం, కొండ ఎక్కిన అలుపు, చల్లటి నూలు బట్ట, కళ్ళ ముందు నీలం పూలు. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అని జీవితమంతా చెబుతూ వచ్చిన మనిషి, పరాయి ఇంట్లో, పరాయి మంచం మీద, పట్టపగలు గుర్రు పెట్టారు.

మెలకువ వచ్చేసరికి ఎండ గోడ మీద నుంచి తప్పుకుంది. గదిలో ఎవరూ లేరు. అత్తగారికి సిగ్గుతో చచ్చినంత పనైంది. పిల్ల బతుకు తేలే వేళ ఇదేం నిద్ర! వరండాలోంచి కప్పుల చప్పుడు, లోగొంతులు వినిపించాయి. చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మం దాకా నడిచారు.

వరండాలో టీచరమ్మా కోడలూ టీ తాగుతున్నారు. అత్తగారిని చూడగానే టీచరమ్మ లేచి కుర్చీ జరిపింది.

"లేచారా? మీ గుర్రుకి మా పిల్లి గది ఖాళీ చేసి పోయింది."

"ఏదో అలుపమ్మా, పొరపాటున..."

"పొరపాటేం లేదు. ఈ ఇంటికి వచ్చేవాళ్ళందరూ నిద్ర పట్టకే వస్తారు. వచ్చి రెండు రోజులు పైకప్పు చూస్తూ పడుకుంటారు. మీలాగా పడుకోగానే పోయినవాళ్ళని నేను చూడలేదు. మీరు నిద్రపోయాక పక్కగదిలో అలాగే ఇంకోటి పరిపించుకుని నేనూ వాలి చూశాను." కాస్త సిగ్గుపడింది. "తలుపు వేసుకునే లెండి."

అత్తగారు నోరు వెళ్ళబెట్టారు. కోడలు కప్పులోకి చూస్తూ పెదవి కొరుక్కుంటోంది, నవ్వాపుకోవడానికి.

"దుప్పటి తిప్పక్కర్లేదు" అంది టీచరమ్మ. "కాని నా మాట కూడా వినండి. గది అద్దెకి తీసుకునేవాళ్ళు ముందు గుమ్మంలోంచే చూస్తారు. తలకిందుల పూలు చూసి వెనక్కి పోతే మీ నిద్ర ఎవరికి అమ్మను?"

ఆ మాటలో న్యాయం ఉంది. కోడలు కప్పు కింద పెట్టి మూట విప్పింది. మూటలో నీలం పూల గుడ్డ ముక్క మిగిలి ఉంది. దానితో ఒక గలీబుకి సరిపోతుంది. పడుకున్న మనిషికి తన దిండు తనకి కనపడదు. గుమ్మంలో ఉన్న మనిషికి మొదట కనపడేది దిండే. చారల దిండు ముందు ఒక పూల దిండు నిలబెట్టి, పూలు గుమ్మం వైపు తలెత్తేలా చేస్తే, కళ్ళు అక్కడే ఆగుతాయి. దుప్పటిలో పూలు ఎటు ఉన్నాయో ఎవరూ వెతకరు.

"దిండు వచ్చేవాళ్ళకి, దుప్పటి పడుకునేవాళ్ళకి" అంది.

టీచరమ్మ ఇంట్లో ఉన్న కుట్టుమిషను మీద ఆ గలీబు అప్పటికప్పుడే కుట్టింది. గుమ్మంలో నిలబడి ముగ్గురూ చూశారు. టీచరమ్మ తల ఈసారి ఏ పక్కకీ వంగలేదు. "గదులన్నిటికీ ఇలాగే. ఏ రెండు గదులూ ఒకేలా ఉండకూడదు. నువ్వు ఇక్కడే ఉండి కుట్టు" అంది. బడిలో మొదటి మార్కు వచ్చిన పిల్లలా కోడలు తల ఊపింది. అత్తగారు అప్పటికి చెప్పులు వేసుకున్నారు.

దిగివచ్చేటప్పుడు బస్సులో అత్తగారు ఒక్కరే. పక్క సీటులో కూర్చున్నావిడకి గబ్బిలాల సంగతి మొదలుకుని పిల్లి సంగతి దాకా చెప్పారు. దిగాల్సిన స్టాపు దాటిపోయారు కూడా.

ఇప్పుడు కొట్టులో మెట్ల కింద మూల మీద బోర్డు వెలిసింది. పెయింటరు పేరు రాసి, పక్కన ఏ బొమ్మ వేయమంటారని అడిగితే, అత్తగారు స్వయంగా వెళ్ళి నాలుగు ఆకుపచ్చ గళ్ళు గీయించి వచ్చారు. సూట్‌కేసులు మేడ మీదికి పోయాయి. కొట్టాయన అల్లుడు కూడా వాటితోపాటే పైకి పోయాడు.

ఇంట్లో మాత్రం అత్తగారికి పెద్ద పని పడింది. కోడలు వచ్చేసరికి ఆమె గదిలో వేసవి పక్క సిద్ధంగా ఉండాలి. ఇన్నేళ్ళలో ఆ పిల్ల అందరి పక్కలూ పరిచిందిగాని ఆమెకి ఎవరూ ఏరి పరిచినవాళ్ళు లేరు. అత్తగారు అలమర అంతా కిందికి దించారు. పెద్ద పువ్వు ఒకటి దొరికింది. నడిపి గళ్ళు దొరికాయి. చిన్నచార దగ్గర చిక్కొచ్చింది. దొరికిన చారల్లో ఒకదాంట్లో గులాబీ రంగు, ఇంకోదాంట్లో ముదురు నీలం. చుట్టరికం కుదరలేదు. మధ్యాహ్నం ఎండలో అన్నిటినీ తీగ మీద ఆరేసి, దూరంగా నిలబడి, కళ్ళు సగం మూసి, మళ్ళీ తెరిచి చూశారు.

భోజనానికి లేచిన కొడుకు గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాడు. "అమ్మా, ఇంత అవస్థెందుకు? ఎండాకాలం కదా, తెల్లదుప్పటి వేసెయ్యరాదూ?"

"నోరు మూసుకుని ఆ రెండు మూలలు పట్టుకో."

బస్సు స్టీరింగు పట్టిన చేతికి దుప్పటి మూల పట్టడం రాలేదు. ఒకసారి అటు ఎక్కువ లాగాడు, ఒకసారి వదిలేశాడు. "హారన్ కొట్టడం వచ్చినంత మాత్రాన మనిషివి కావురా" అని అత్తగారు మూడుసార్లు విదిపించారు. చివరికి పూల దుప్పటి చక్కగా దిగింది, కాడలు కాళ్ళ దగ్గర మంచాన్ని ఆనుకుని కాకుండా పడుకునే మనిషి ఒడిలోంచి లేచినట్టు, పూలు అవతలి గోడకేసి తలెత్తి. సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి ఆవిడ ఒకసారి పడుకుని చూశారు, కళ్ళు మాత్రం గట్టిగా తెరిచే ఉంచారు.

చారల చిక్కు పెట్టె అడుగున తీరింది. అక్కడ ఒక పాత గలీబు ఉంది. ఒక వైపు తెలుపు, ఇంకో వైపు లేతాకుపచ్చ గళ్ళు, ఉతికి ఉతికి ఆకుపచ్చ కాస్తా పెసరపొట్టు రంగుకి వచ్చింది. పువ్వులోని ఆకుకి అది అచ్చంగా పెద్దమ్మ కూతురిలా కుదిరింది. చార లేకపోతే పోయింది, చుట్టం దొరికింది. తెల్లవైపు పైకి పెట్టి, దిండు సర్ది, తలుపు దగ్గరగా వేశారు.

ఆ గదిలోకి ఎవరైనా వెళ్ళి చూడొచ్చు, గుమ్మంలోంచి. మంచం మీద కూర్చోవడానికి మాత్రం వీల్లేదు, సొంత కొడుక్కైనా సరే. కోడలు కొండ దిగి వచ్చేది మే తొమ్మిదో తేదీ.